డాల్మేషన్ స్పెల్లింగు దగ్గర స్పెల్‌చెకర్‌కు ఎన్ని మార్కులు?

డాల్మేషన్ అనే కుక్క జాతి పేరును పలుకుతూ ఇంగ్లీషులో టైపు చేయబోతే, వేళ్లు వాటంతటవే చివర్న టీ-ఐ-ఓ-ఎన్ కొట్టేస్తాయి. స్టేషన్, రేషన్, నేషన్ అన్నీ అలాగే ముగుస్తాయి మరి. అసలు ముగింపు టీ-ఐ-ఏ-ఎన్. ఫోన్ కీబోర్డులో, కంప్యూటర్‌లో ఉచితంగా వచ్చే స్పెల్‌చెకర్ ఇలాంటి తప్పుల్ని ఎంతవరకు పట్టుకుంటుందంటే, ఐదుకు మూడు మార్కులు వేయొచ్చు.

ఒక్క అక్షరం తేడా ఉంటే దానికి తిరుగులేదు. డాల్మేషన్‌లో ఏ బదులు ఓ పడినా, మరో కుక్క జాతి రాట్‌వీలర్‌లో ఒక టీ ఎగిరిపోయినా ఎర్రగీత పడుతుంది, నొక్కితే సరైన మాట కనబడుతుంది. డాషండ్ అనే జాతి కథ వేరు. చెవికి వినబడినట్టు కొడితే అసలు రూపానికి రెండు మూడు అక్షరాల దూరంలో ఉంటాం, సూచనల్లో సంబంధం లేని మాటలు ముందుకు రావచ్చు.

మార్కులు పోయేది రెండు చోట్ల. అన్నీ పెద్దక్షరాల్లో రాసిన మాటల్ని కొన్ని సాఫ్ట్‌వేర్లు చూడకుండా వదిలేస్తాయి. దరఖాస్తులూ, మెడ బిళ్ల మీద చెక్కించే పేర్లూ ఎక్కువగా పెద్దక్షరాల్లోనే కదా! రెండోది ఇంకా మొండిది: తప్పు రూపాన్ని ఒకసారి డిక్షనరీలో చేర్చేశారా, ఇక ఆ గీత రానే రాదు. సెట్టింగుల్లో పర్సనల్ డిక్షనరీ తెరిచి ఆ మాటను తీసేయాలి.

అందుకే పేరు పుట్టుక తెలిసుంటే మేలు. అడ్రియాటిక్ తీరాన, ఇప్పటి క్రొయేషియాలో డాల్మేషియా అనే ప్రాంతం ఉంది. దాని స్పెల్లింగు చివర ఏ, పక్కన ఎన్ చేరిస్తే కుక్క పేరు. రష్యా నుంచి రష్యన్ వచ్చినట్టే. అక్షరాలు లెక్కపెట్టి లాభం లేదు, తప్పు రూపంలోనూ 9 అక్షరాలే. ‘ఏ’ అక్షరాలు లెక్కపెట్టండి: 3 ఉండాలి, ఓ ఒక్కటీ ఉండకూడదు. పెద్దక్షరాల్లోనూ ఈ లెక్క తప్పదు.

డాషండ్‌కు మాత్రం లెక్క పనికొస్తుంది. జర్మన్‌లో డాక్స్ అంటే బ్యాడ్జర్ అనే బొరియల జంతువు, హుండ్ అంటే కుక్క. డీ-ఏ-సీ-హెచ్-ఎస్, హెచ్-యూ-ఎన్-డీ కలిపితే 9. తరచూ మింగేసేది రెండో హెచ్‌నే. రాసేటప్పుడు మనసులో ‘డాచ్‌స్-హుండ్’ అనుకుంటే అది జారిపోదు. తెలుగులో హ కి సొంత అక్షరం ఉంది కాబట్టి ఈ చిట్కా మనకు మరీ సులువు.

రాట్‌వీలర్‌లో చిక్కు ‘వీ’ దగ్గర. ఆ ఉచ్చారణను నమ్ముకుంటే ఐ-ఈ అని రాస్తాం. ఈ జాతికి పేరిచ్చిన జర్మనీ ఊరిని అక్కడివాళ్లు రాట్‌వైల్ అంటారు. జర్మన్‌లో ‘ఐ’ అని పలికేది ఈ-ఐ, ‘ఈ’ అని పలికేది ఐ-ఈ. కాబట్టి రాసేటప్పుడు వైలర్ అనుకోండి. టీలు రెండు, ఎల్ ఒకటే, మొత్తం 10. చివావాకు ఇంత తతంగం అక్కర్లేదు: సీ-హెచ్-ఐ తర్వాత హెచ్-యూ-ఏ రెండుసార్లు, అంతే.

వాయిస్ టైపింగ్ వాడేవాళ్లు ముందు భాషను ఇంగ్లీషుకు మార్చుకోవాలి, లేకపోతే పేరు తెలుగు లిపిలో పడుతుంది. రోజూ ఇవే పేర్లు కొట్టాల్సినవాళ్లకు కీబోర్డులోని షార్ట్‌కట్ సదుపాయం నయం. డీ-ఎల్-ఎం కొడితే డాల్మేషన్ మొత్తం పడేలా పెట్టుకోవచ్చు. సేవ్ చేసే ముందు ‘ఏ’ అక్షరాలు మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి, అక్కడ తప్పు పెడితే ప్రతిసారీ అదే తప్పు పడుతుంది.