ఏది మేలు? వైజాగ్‌లో కొత్త టేబుల్‌కి డీ అండ్ డీ, కాల్ ఆఫ్ కథూలు, ఒక్క పేజీ ఆట

రోల్‌ప్లే గేమ్ అంటే ఒక్కొక్కరు ఒక పాత్రగా మారి, మాటలతో, డైస్‌తో కథ నడిపే ఆట. దాన్ని మొదలుపెట్టాలనుకునేవాళ్లు ముందు నియమాల గురించే అడుగుతారు. ఏ ఆటలో పోరాటం బాగుంటుంది, ఏది తేలిగ్గా వస్తుంది అని. ఆట నిలబడేదీ మూలన పడేదీ మాత్రం వేరే చోట తేలుతుంది. ఆదివారం ఇద్దరు రాకపోతే ఆ వారం ఆట జరుగుతుందా? కథ నడిపించే గేమ్ మాస్టర్‌కి, అంటే జీఎంకి, బదిలీ అయితే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోగలరా?

చిన్న లెక్క చూడండి. ఐదుగురు ఆటగాళ్లలో ఒక్కొక్కరు నూటికి 85 సార్లు వస్తారనుకుందాం. ఐదుగురూ ఒకేసారి కలిసే అవకాశం 44 శాతమే. నలుగురొస్తే చాలు అని ముందే ఒప్పుకుంటే అది 83 శాతం దాటుతుంది. ఈ ఒక్క ఒప్పందం ఏ నియమాల పుస్తకం కన్నా ఎక్కువ టేబుళ్లను, అంటే కలిసి ఆడే గుంపులను, బతికిస్తుంది. వైజాగ్‌లో 85 అన్నది కూడా ఆశ ఎక్కువే. ఒకరికి స్టీల్ ప్లాంట్‌లో బి షిఫ్ట్, ఒకరికి సెమిస్టర్ పరీక్షలు, ఇంకొకరు నేవీలో ఉంటే ఓడ ఎప్పుడు కదులుతుందో ఇంట్లోవాళ్లకే తెలియదు. గాజువాక మనిషినీ రుషికొండ మనిషినీ కలపాలంటే ద్వారకానగర్, సిరిపురం చుట్టుపక్కల కూర్చోవడమే నయం. ఆర్కే బీచ్‌లో మాత్రం వద్దు. అక్కడి గాలికి క్యారెక్టర్ షీట్లు, అంటే పాత్రల వివరాలుండే కాగితాలు, ఒక్కటీ నిలవవు.

ఇక ఆటలు. డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, కత్తులూ డ్రాగన్ల కథల ఆట) పేరు విన్నవాళ్లు ఊళ్లో దొరుకుతారు, మిగతావాటి పేర్లు విన్నవాళ్లను వెతుక్కోవాలి. 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు తెచ్చిన ఈ ఆటకు ఆ జనమే పెద్ద బలం. ఒకరు మానేస్తే, నియమాలు కొంత తెలిసినవాళ్లే ఆ చోటికి వస్తారు. రెండో బలం లైసెన్సు. 2000లో సొంతదారైన విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీవాళ్లు మూడో ఎడిషన్ మూల నియమాలను ఎవరైనా వాడుకునేలా ఓపెన్ గేమ్ లైసెన్సు కింద వదిలారు. 2008లో నాలుగో ఎడిషన్‌కి షరతులు బిగించారు. మరుసటి ఏడాది, 2009లో, పాత నియమాల మీద కట్టిన పాత్‌ఫైండర్ అనే ఆట వచ్చింది. సొంతదారు వదిలేసిన ఆట ఇంకో పేరుతో బతికిందన్నమాట. 2023 జనవరిలో ఆ పాత లైసెన్సునే మార్చబోతే ఆటగాళ్లు తిరగబడ్డారు. అదే నెలాఖరుకి ఐదో ఎడిషన్ మూల నియమాలు క్రియేటివ్ కామన్స్ కిందికి వచ్చేశాయి. మనకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, మూలం ఎవరిదో చెప్పి ఆ పత్రాన్ని తెలుగు చేసుకోవచ్చు, జిరాక్స్ తీసి పంచవచ్చు, అమ్మినా తప్పులేదు. అందులో 12 క్లాసులూ (విజర్డ్, అంటే మంత్రగాడు, లాంటి పాత్రల రకాలు) ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్క సబ్‌క్లాసే (ఉపరకం) ఇచ్చారు. మొదటి ఏడాదికి అది చాలు.

చిక్కంతా మొదటి రోజే. కొత్తవాళ్లు ఐదుగురు సొంతంగా పాత్రలు తయారు చేసుకుంటే రెండు గంటలు అందులోనే పోతాయి, డైస్ వెయ్యకుండానే చీకటి పడుతుంది. రెడీమేడ్ పాత్రలు ఇచ్చి మొదలుపెట్టాలి. తర్వాతి ప్రమాదం గాబ్లిన్లు అనే చిన్న రాక్షసులు. 2014 నాటి నియమాల్లో ఒక్కోదానికి 7 ప్రాణాలు (దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గే అంకె), రక్షణ 15. అవి కొడితే ఆరు ముఖాల డైస్ మీద 2 కలిపినంత దెబ్బ, అంటే సగటున ఐదున్నర. మొదటి లెవెల్ విజర్డ్‌కి ఉండేది 7 లేదా 8 ప్రాణాలు, రెండు దెబ్బలకు కూలిపోతాడు. మనవాళ్లు ఇరవై ముఖాల డైస్ వేసి 5 కలుపుకున్నా ఆ 15ని అందుకునేది 55 శాతమే, రెండు వేటుల్లో ఒకటి గాలికే పోతుంది. ముగ్గురు ఆటగాళ్లున్న రోజు నాలుగు గాబ్లిన్లను దింపారంటే అందరూ చచ్చిపోయి ఆట అక్కడే ఆగిపోవచ్చు. రెండు చాలు. ఇంకో రెండు పొదల్లో ఉన్నాయనుకోండి, అవసరమైతేనే బయటికి వస్తాయి.

జీఎం మీద బరువు కూడా ఇందులోనే ఎక్కువ. మూడు గంటల ఆటకు రెండు గంటల తయారీ పెట్టుకోవాలి. పుస్తకాల మోజు దాన్ని ఇంకా పెంచుతుంది. 1990ల్లో ఈ ఆట అప్పటి సొంతదారైన టీఎస్‌ఆర్ లెక్కలేనన్ని కథా ప్రపంచాలను, వాటికి అనుబంధ పుస్తకాలను అచ్చేసింది. ఒక ప్రపంచం కొన్నవాళ్లు ఇంకోటి కొనలేదు, కొనేవాళ్లు ముక్కలు ముక్కలైపోయారు. అప్పుల్లో మునిగిన ఆ కంపెనీని 1997లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనేసింది. టేబుల్ స్థాయిలోనూ అంతే. నలుగురు నాలుగు వేర్వేరు పుస్తకాల నుంచి పాత్రలు తెస్తే జీఎం నాలుగూ చదవాలి.

భయపెట్టే రహస్యాలను ఛేదించే ఆట కాల్ ఆఫ్ కథూలు 1981లో ఖేయోసియం కంపెనీ నుంచి వచ్చింది. షీట్ మీద నైపుణ్యం పక్కన శాతం ఉంటుంది, నూరు ముఖాల డైస్ వేసి అంతకు మించకపోతే పని అయినట్టే. లెక్కల భయం ఉన్నవాళ్లకు కూడా ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది. కథలు చాలావరకు ఒకటి రెండు పూటల్లో అయిపోతాయి, కాబట్టి ఈ వారం ఎవరు రాలేదన్న బెంగ తక్కువ. ఉచితంగా దొరికే క్విక్‌స్టార్ట్ పుస్తకంలో నియమాలతో పాటు ఒక పూర్తి కథ కూడా ఉంది. జపాన్‌లో ఈ ఆట పాతుకుపోయింది, అక్కడి చాలామందికి రోల్‌ప్లే గేమ్ అంటే ముందు గుర్తొచ్చేది ఇదే. ఆడిన ఆటను సంభాషణలుగా రాసి అచ్చేసే అలవాటు దానికి బాగా తోడైంది. చదివినవాళ్లు ఎలా ఆడాలో అందులోంచే నేర్చుకున్నారు.

దీనిలో కొంప ముంచేది ఆధారాల దగ్గర. గదిలో ఉత్తరం దొరకాలంటే స్పాట్ హిడెన్ (దాచినవి కనిపెట్టే నైపుణ్యం) మీద డైస్ వెయ్యమంటారు, దాని మూల విలువ 25 శాతం. నైపుణ్యం పెంచుకోని నలుగురూ వేసినా ఒక్కరికైనా దొరికే అవకాశం 68 శాతం. అంటే మూడు ఆటల్లో ఒకటి ఆ గదిలోనే ఇరుక్కుపోతుంది. కథ కదలడానికి తప్పనిసరైన ఆధారాన్ని ఊరికే ఇచ్చేయాలి. డైస్ దేనికంటే, ఎంత సేపట్లో దొరికింది, ఎవరి కంట పడ్డారు అన్నదానికి.

ఇందులో కథను మన ఊరికి తెచ్చుకోవడం చాలా సులువు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఆ వారాన్ని తీసుకోండి. 1933లో తెరిచిన హార్బర్ ఉంది, 1923 నాటి కేజీహెచ్ ఆసుపత్రి ఉంది, భీమిలిలో డచ్చివాళ్ల సమాధులున్నాయి, జనం మూటాముల్లె సర్దుకుంటున్నారు. పాత్రల చేతుల్లో తుపాకులు ఉండవు, భయం దానంతటదే పెరుగుతుంది. అమెరికా పట్టణాల్లో జరిగే కథలకైతే ముందు అరగంట పరిసరాలు వివరించడానికే పోతుంది.

నియమాలన్నీ ఒక్క పేజీలో ఇమిడిపోయే ఆటల్లో జాన్ హార్పర్ రాసిన లేజర్స్ అండ్ ఫీలింగ్స్ చాలు ఉదాహరణకి. 2 నుంచి 5 లోపు ఒక అంకె ఎంచుకుంటే పాత్ర దాదాపు తయారైనట్టే. తర్కంతో చేసే పనికి అంకె కన్నా తక్కువ పడాలి, మనసుతో చేసే పనికి ఎక్కువ పడాలి. లూడో డబ్బాలోని డైస్‌తో ఆడేయొచ్చు, ఖర్చు ఒక జిరాక్స్. పదిహేను నిమిషాల్లో మొదలవుతుంది, రెండు గంటల్లో ముగుస్తుంది. పాత్రలకు ఎదుగుదల లేదు కాబట్టి మూడోసారికి పట్టు తగ్గుతుంది, అది దాని తప్పేమీ కాదు.

ఏ ఆట అయినా మన టేబుళ్ల దగ్గర ఒక ఇబ్బంది ఉంటుంది. సీనియర్ ఏదైనా అంటే జూనియర్లు “సరే అన్నా” అని ఊరుకుంటారు. రెండు వారాలయ్యాక వాళ్లు రావడం మానేస్తారు, కారణం ఎవరూ చెప్పరు. వయసులో చిన్నవాళ్లను ముందు అడగండి. అన్నయ్యగారి వంతు చివర. ఆట మాటలు తెలుగులోనే ఉండనివ్వండి, ఇంగ్లిష్ షీట్ మీద ఉంటే చాలు. 1982లో స్వీడన్‌లో, 1984లో జర్మనీలో సొంత భాషలో వచ్చిన రోల్‌ప్లే గేములు తరాల తరబడి నిలిచాయి. జర్మనీలోనైతే డీ అండ్ డీనే వెనక్కి నెట్టాయి.

కొత్త టేబుల్‌కి నా ఓటు కాల్ ఆఫ్ కథూలుకే. మొదటి ఆదివారం ఒక్క పేజీ ఆట పెట్టండి, ఎవరు మాట్లాడతారో ఎవరు ఫోన్ చూస్తారో తెలిసిపోతుంది. తర్వాత రెండు నెలలు చిన్న కథలు, ప్రతి కథకూ జీఎం మారాలి. ముగ్గురు జీఎంలు తయారయ్యాక కూడా గుంపు కత్తులు, డ్రాగన్లు కావాలని అడుగుతుంటే అప్పుడు డీ అండ్ డీ తీయండి. ఆరు సెషన్లకే ముగిసే కథ ఎంచుకోండి, చివరి తేదీ మొదటి రోజే వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఒకే మనిషి నడపగల టేబుల్‌లో మాత్రం ఏళ్ల తరబడి సాగే క్యాంపెయిన్‌కి దిగొద్దు.