మైపాడు ఇసుకలో బయటపడ్డ సంగతి: ఏడేళ్ళుగా నా యెటి ఫోర్ బై ఫోర్

నా స్కోడా యెటి కారులో వెనక చక్రాలకి బలం అందడం లేదని నాకు తెలిసింది కొన్న పద్నాలుగు నెలలకి, మైపాడు ఇసుకలో. డిక్కీ తలుపు మీద ఫోర్ బై ఫోర్ అని, అంటే నాలుగు చక్రాలకీ బలం అందే బండి అని, మెరుస్తూనే ఉంది. ముందు చక్రాలు రెండూ గిర్రున తిరిగి, బంపరు ఇసుకని తాకే దాకా దిగబడిపోయాయి. వెనకవి కదిలితే ఒట్టు. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన లేచి వచ్చి, వంగి చూసి, "ఎనక చక్రాలు తిరగడంలా నాయనా, ఇది మామూలు కారే" అని తేల్చేశాడు. స్కానరు పెట్టి మెకానిక్ తర్వాత చెప్పింది కూడా అదే మాట. ఆ పూట నన్ను బయటికి లాగింది ఒక ట్రాక్టరు.

బండి స్కోడా యెటి, 2011 మోడల్. 2.0 టీడీఐ డీజిల్ ఇంజను, 140 హార్స్‌పవర్, 320 న్యూటన్ మీటర్ల టార్క్ (అంటే తిప్పే బలం), ఆరు గేర్ల మాన్యువల్. మన దేశంలోకి 2010 నవంబర్‌లో వచ్చింది, కొన్నేళ్ళకే అమ్మకం ఆగిపోయింది. చూడడానికి రేకు డబ్బాలా ఉంటుంది. నాకు కావలసింది నాలుగు చక్రాలూ లాగే స్పీడు బండి. దీన్ని అట్లా అనొచ్చా అంటే, మనకి దొరికే వాటిలోనే కదా ఏరుకోవాలి. సుబారు తన పేరుతో ఇక్కడికి రానే లేదు, ఫారెస్టర్‌ని కొన్నాళ్ళు షెవర్లే గుర్తుతో అమ్మారంతే. లాన్సర్ ఇవో వచ్చింది గానీ దాని ధర మన ఊహకి అందేది కాదు. ఆడి క్వాట్రోలు సెకండ్ హ్యాండ్‌లో చవకగానే దొరుకుతాయి, ఆ తర్వాత ఒక్కో పార్టు మన సంగతి తేలుస్తుంది. 3.6 లీటర్ల వీ6 సూపర్బ్ ఫోర్ బై ఫోర్ ఒకటి చూశాను. దానికి పెట్రోలు పొయ్యాలంటే నాకు ఇంకో రెండు రొయ్యల గుంటలుండాలి. అట్లా తిరిగి తిరిగి యెటి దగ్గర ఆగాను.

కొన్నది 2018లో, ఢిల్లీలో. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు అక్కడ తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) ఉత్తర్వు ఇచ్చింది కాబట్టి, ఏడెనిమిదేళ్ళ డీజిల్ బండ్లని జనం వదిలించుకుంటున్నారు. మన దగ్గర అయ్యే ధర కంటే లక్ష పైనే తగ్గింది. రెండు వేల కిలోమీటర్లు మూడు రోజుల్లో నడుపుకుంటూ వచ్చాను. అయితే మిగిలిందనుకున్న డబ్బులో సగానికి పైగా ఎన్‌వోసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోడానికి అక్కడి ఆర్టీవో ఇచ్చే కాగితం), ఇక్కడ మళ్ళీ కట్టిన లైఫ్ ట్యాక్స్, మా నెల్లూరు ఏపీ 26 నంబరు పడేదాకా తిరిగిన తిరుగుళ్ళకే సరిపోయింది. బయటి రాష్ట్రం బండి కొనేవాళ్ళు ఈ లెక్క ముందే వేసుకోవాలి. అమ్మినాయన "సర్వీసులన్నీ టైముకి చేయించా" అన్నాడు, పుస్తకంలో ముద్రలు కూడా ఉన్నాయి. ఆ ముద్రలన్నీ ఇంజను ఆయిలువే. వెనక చక్రాలకి బలం అందించే హాల్డెక్స్ అనే క్లచ్ ఆయిలు ఊసు అందులో ఎక్కడా లేదు. అది చూసుకోవాలన్న తెలివి అప్పట్లో నాకూ లేదు.

ఈ హాల్డెక్స్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఈ బండి మంచీ చెడూ అంతా దాని చుట్టూనే ఉంది. యెటిలో ఇంజను అడ్డంగా ఉంటుంది. సాఫీగా పోతున్నప్పుడు బలం దాదాపు అంతా ముందు చక్రాలకే. గేర్‌బాక్సుకి అంటుకుని ఉన్న బెవెల్ బాక్సు నుంచి ఒక షాఫ్టు వెనక్కి వస్తుంది. వెనక డిఫరెన్షియల్‌కి ముందు హాల్డెక్స్ కూర్చుని ఉంటుంది. దాని లోపల మార్కాపురం పలకలు దొంతరగా పేర్చినట్టు క్లచ్ ప్లేట్లు, ఆయిల్లో మునిగి ఉంటాయి. చిన్న ఎలక్ట్రిక్ పంపు ఆ ఆయిలుకి ఒత్తిడి ఇస్తే ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, అప్పుడు వెనక చక్రాలకి బలం అందుతుంది. ప్లేట్లు అరిగిన పొడి ఆయిల్లో కలిసి ఫిల్టరుని మూసేస్తుంది. ఫిల్టరు మూసుకుపోతే పంపు గింజుకుని గింజుకుని ఒకరోజు చచ్చిపోతుంది. అది చచ్చిన సంగతి బండి చెప్పదు. నా బండిలో డ్యాష్‌బోర్డు మీద ఒక్క లైటు వెలగలేదు. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద తిరిగినంత కాలం తేడా ఏం తెలుస్తుంది? చెన్నై, ఒంగోలు హైవే మీద అంతకన్నా తెలియదు. పద్నాలుగు నెలలు నేను ముందు చక్రాల బండి నడుపుతూ నాలుగు చక్రాల బండి ఉందని అందరికీ చెప్పుకుని తిరిగాను.

కొత్త పంపు, ఫిల్టరు, ఆయిలు, కూలి కలిపి నలభై వేలు దాటింది. పార్టులు చెన్నై నుంచి తెప్పించాను. అదే ఆయిలూ ఫిల్టరూ వేళకి మార్చి ఉంటే నాలుగైదు వేలతో పోయేది. పట్టే ఆయిలు లీటరు కూడా ఉండదు. ఇప్పుడు ప్రతి ముప్పై వేల కిలోమీటర్లకి ఆయిలూ ఫిల్టరూ మారుస్తాను. కంపెనీ లెక్కలో అంత తొందర అక్కర్లేదు గానీ, ఉప్పు నీళ్ళలో, బురదలో తిరిగే బండికి ఆ లెక్క కుదరదు.

ఇంకో మాట. వెనక డిఫరెన్షియల్ ఆయిలు వేరు, హాల్డెక్స్ ఆయిలు వేరు. రెండూ పక్కపక్కనే ఉంటాయి, పోసే మూతలూ దగ్గరదగ్గరే. ఆటోనగర్‌లో ఒక కుర్రాడు గేర్ ఆయిలు పంపు తెచ్చి హాల్డెక్స్ మూత ఊడదీశాడు. "అన్నా, ఇదీ క్రౌన్ ఆయిలే గదా" అన్నాడు, డిఫరెన్షియల్ ఆయిలే అనుకుని. నేను లిఫ్టు కింద నిలబడి ఉండబట్టి సరిపోయింది. తప్పు వాడిది కాదు, ఇట్టాంటి బండి వాడు చూడడం అదే మొదలు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి సర్వీసుకి ఇచ్చి టీ తాగడానికి వెళ్ళొద్దు. బెవెల్ బాక్సు ఆయిలుని అయితే ఎవరూ తలుచుకోరు, అదీ మార్చించండి.

మాకు విడవలూరు వైపు గుంటలున్నాయి. వానాకాలంలో కట్టల మీద మట్టి జిగురుజిగురుగా ఉంటుంది, బైకు కూడా జారుతుంది. హాల్డెక్స్ బాగైన తర్వాత అదే కట్ట మీద ఈ బండి పోయే తీరు చూసి మా నాయన మొదటిసారి దీన్ని మెచ్చుకున్నాడు. అంతకు ముందు ఆయనకి ఇది "ఢిల్లీ వాళ్ళు పారేసిన బండి". వెనక మూడు సీట్లూ విడివిడిగా ఊడొస్తాయని తెలిశాక, "సీట్లు తీసేస్తే పది మూటలు పడతాయి గదరా" అని ఏకంగా మేత మోయించడం మొదలుపెట్టాడు. పడతాయి. ఇరవై ఐదు కిలోల మూటలు పది వేసినా వెనక పెద్దగా కుంగదు. కాకపోతే ఆ రొయ్యల మేత వాసన ఇన్నేళ్ళయినా పోలేదు. పెళ్ళికి బయల్దేరిన ప్రతిసారీ మా ఆవిడ, "మీ బండిలో కూర్చుంటే ఎండు రొయ్యల అంగట్లో కూర్చున్నట్టుంటుంది, నేను బస్సుకొస్తా" అంటుంది.

ఉప్పు గాలి సంగతి మాత్రం నవ్వులాట కాదు. సముద్రం పక్కన, గుంటల మీద తిరిగితే కింద బోల్టులు పట్టేస్తాయి, వెనక బ్రేకులు బిగుసుకుంటాయి, హాల్డెక్స్ వైరు కనెక్టరులో పచ్చగా చిలుం పడుతుంది. రెండోసారి నాకు వెనక చక్రాలు ఆగిపోయింది పంపు వల్ల కాదు, ఆ చిలుం వల్లే. కనెక్టరు కడిగి గ్రీజు పెడితే యాభై రూపాయలతో బాగైంది. గుంటల దగ్గర్నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో కింద భాగం కడిగించడం అలవాటు చేసుకున్నాను.

ఇక రీమ్యాప్, అంటే బలం పెరిగేటట్టు ఇంజను కంప్యూటరులో సాఫ్ట్‌వేర్ మార్చి రాయడం. అందరూ ముందు అడిగేది ఇదే కాబట్టి చెబుతున్నా గానీ, నా వరకు ఈ బండి మీద పెట్టిన డబ్బుల్లో తొందరపడి పెట్టింది ఇదే. 2020లో ఒక పెద్ద ఊళ్ళో ఒకాయన ల్యాప్‌టాప్ పెట్టి గంటలో ఫైలు ఎక్కించాడు. 185 హార్స్‌పవర్, 400 దాటిన టార్క్ అన్నాడు. మొదటి వారం నేను నేల మీద లేను. కావలి నుంచి సింగరాయకొండ దాకా ఏ బండినీ ముందుండనివ్వలేదు. రెండో వారానికి అద్దంలో నల్ల పొగ కనిపించడం మొదలైంది. ఆరు నెలలకి నాలుగో గేర్లో కాలు నొక్కితే ఇంజను అరుస్తోంది, బండి మాత్రం అదే వేగంలో పోతోంది. క్లచ్ జారుతోందన్న మాట. ఈ బండికి క్లచ్ వెనక డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉంటుంది, ఇంజను అదురు మింగే రెండు ముక్కల చక్రం, క్లచ్ విప్పినప్పుడు అదీ ఊగులాడుతూ కనిపించింది. రెండూ కలిపి డెబ్బై ఎనిమిది వేలు. ఎనభై వేల కిలోమీటర్లు తిరిగిన క్లచ్ మీద ఎకాయెకిన అంత టార్క్ వేస్తే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. తర్వాత వేరే ఆయన దగ్గర ఇంజను తక్కువ వేగంలో తిరిగేటప్పుడు టార్క్ నెమ్మదిగా ఎక్కేటట్టు 165 హార్స్‌పవర్ దగ్గర ఆపి రాయించుకున్నాను. పొగ లేదు, క్లచ్ ఇప్పటికి డెబ్బై వేల కిలోమీటర్లు నడిచింది.

చట్టం సంగతి కూడా వినండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున మెడకి చుట్టుకోవచ్చు. తెలిసే చేశాను, చెయ్యమని మీకు చెప్పను. ఇంకోటి, ఈ బండిలో ఉన్న ఈఏ189 రకం డీజిల్ ఇంజన్ల పొగ గొడవ మీద, స్కోడా కూడా భాగమైన ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు 2015 డిసెంబర్‌లో మన దేశంలో 3.23 లక్షల బండ్లకి రీకాల్ ప్రకటించింది. సర్వీసులో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే మనం రాయించుకున్న ఫైలు చెరిగిపోతుంది. కొనేటప్పుడు ఆ రీకాల్ పని అయిందో లేదో కనుక్కోండి.

నిజంగా బండిని మార్చింది టైర్లు. కంపెనీ టైరు 225/50 ఆర్17. నేను పక్క గోడ ఇంకొంచెం ఎత్తుండే 225/55 వేశాను. చక్రం ఎత్తు 657 మిల్లీమీటర్ల నుంచి 679కి పెరిగింది, అంటే నేలకీ బండికీ మధ్య 11 మిల్లీమీటర్లు కలిసొచ్చింది. గుంతల్లో రిమ్ము దెబ్బలు తగ్గాయి. ఒకసారి చీమకుర్తి రోడ్డులో గ్రానైటు లారీ మీంచి పడ్డ రాయి ఒక టైరు పక్క గోడని చీల్చింది. మామూలు కారయితే ఒకటి మార్చి పోదుము. దీనికి నాలుగు టైర్లూ ఇంచుమించు ఒకే అరుగుదలలో ఉండాలి, లేకపోతే ముందూ వెనకా చక్రాలు వేరు వేరు లెక్కలో తిరిగి హాల్డెక్స్ ప్లేట్లని ఊరికే అరగదీస్తాయి. మిగతా మూడూ సగం అరిగి ఉన్నాయి, నాలుగూ మార్చాను. ఈ ఖర్చు ఎవరూ ముందు చెప్పరు.

ఇంత పెట్టి ఏం సుఖపడ్డావు అంటే, గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్ళే ఘాటు రోడ్డు, వాన వెలిసిన పొద్దు. తడి మలుపులో రెండో గేరులో కాలు వేస్తే మామూలు బండి ముందు చక్రాలు కిచకిచమని బయటికి లాగుతాయి. ఇది అర క్షణం ఆగి, వెనక నుంచి ఎవరో చెయ్యేసి తోసినట్టు మలుపులోంచి బయటికొస్తుంది. వేగం కాదు నేను చెప్పేది, అడవిలో కోతులూ దుప్పులూ అడ్డం వస్తాయి, అక్కడ వేగం తప్పు. ఆ తోపు కోసమే నేను ఏడాదికి రెండుసార్లు పనేమీ లేకపోయినా నంద్యాల వెళ్తాను.

అట్లాగని ఇది పడవ కాదు. 2021 నవంబర్‌లో పెన్న పొంగి కోవూరు దగ్గర హైవే కోసుకుపోయినప్పుడు, "నీది ఫోర్ బై ఫోర్ గదా, పోదాం పా" అని ఇద్దరు ముగ్గురు వచ్చారు. పోలేదు. నాలుగు చక్రాలు లాగితే ఏం లాభం, ఇంజను గాలితో పాటు నీళ్ళు మింగితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి.

మిగతా ఖర్చులు గబగబా చెప్పేస్తా. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు లక్ష కిలోమీటర్ల దగ్గర మార్చాను, పాత రికార్డు లేదు గనక. ఈజీఆర్ (పొగలో కొంత మళ్ళీ ఇంజనులోకి పంపే వాల్వు) ఒకసారి మసి పడితే కడిగించాను. ముందు కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు రెండుసార్లు. స్కోడా లారా, ఫోక్స్‌వ్యాగన్ జెట్టా బండ్లతో చాలా పార్టులు కలుస్తాయి కాబట్టి అవి దొరకడం కష్టం కాదు. హాల్డెక్స్ పార్టులకే చెన్నై ఫోన్లు. మైలేజి ఊళ్ళో 12, హైవేలో 15. ఏసీ కత్తెర ఎండల్లోనూ నిలబడింది.

కొనదలచుకున్నవాళ్ళు ముందు బండి కిందికి వంగి చూడండి, వెనక్కి షాఫ్టు ఉందా లేదా అని. యెటిలో ముందు చక్రాలవి కూడా ఉన్నాయి, వాటి బలం 110 హార్స్‌పవరే. తర్వాత ముందు చక్రాలు వదులు కంకర మీద ఉండేటట్టు ఆపి, ఒక మనిషిని పక్కన నిలబెట్టి, ఒక్కసారి జోరుగా కదిలించండి. కంకర చిమ్ముతూ ముందు చక్రాలు అక్కడే గిరగిరా తిరుగుతూ ఉంటే హాల్డెక్స్ సంగతి అడగండి. వీసీడీఎస్ కేబులు (ఈ గ్రూపు బండ్లని ల్యాప్‌టాప్‌కి తగిలించి చూసేది) ఉన్న మెకానిక్ దొరికితే, పంపుని తిప్పి చూపించమనండి. వెనక సీటు కింద చెవి పెడితే సన్నగా మూలుగు వినిపిస్తుంది. వినిపించకపోతే ధరలో నలభై వేలు తగ్గించమనండి.

నా బండి ఇప్పుడు లక్షా డెబ్బై వేల దగ్గర ఉంది. 2026లో ఆర్‌సీకి పదిహేనేళ్ళు నిండుతాయి, రెన్యువల్ ఫీజే ఐదు వేలు, ఫిట్‌నెస్ చూపించాలి. అమ్మేస్తారా అని అడుగుతున్నారు. బెవెల్ బాక్సు సీలు చెమరుస్తోంది, పార్టు వచ్చిందని నిన్న చెన్నై నుంచి ఫోనొచ్చింది. శనివారం వెళ్ళి తెచ్చుకోవాలి.