రాళ్ల ఒడ్డున లైట్ లూర్ ఫిషింగ్: చోటు, బస, గైడ్

లూర్‌లు, అంటే చిన్న కృత్రిమ ఎరలు వేసి రాళ్ల ఒడ్డున చేపలు పట్టడానికి వెళ్లొచ్చాం. ఊరి పేరు మాత్రం అడగొద్దు. గాలం వేసేవాళ్లు తమ చోటు ఎవరికీ చెప్పరు. ఆ జబ్బు నాకూ అంటుకుంది. పేరు తెలిసినా మీకు ఒరిగేదేమీ లేదు. రాళ్లున్న ఏ తీరానికి మొదటిసారి వెళ్లినా తేల్చుకోవాల్సినవి ఇవే: ఎక్కడ నిలబడాలి, ఎక్కడ బస చేయాలి, ఎవరి సాయం తీసుకోవాలి. ఈ మూడింటికీ జవాబు చివరికి ఆటుపోట్ల పట్టికలోనే దొరికింది.

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. రెండు పోట్లకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అంటే పోటు రోజుకు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇవాళ ఉదయం 6 గంటలకు నిండిన నీరు రేపు 6:50కి నిండుతుంది. వారం తిరిగేసరికి అదే 6 గంటలకు నీరు బాగా వెనక్కి పోయి ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో ఈ ఎక్కుదిగుళ్లు ఎక్కువ, అష్టమి ప్రాంతంలో తక్కువ. కొత్తవాళ్లు అష్టమి చూసుకుని వెళితే కాస్త నింపాదిగా ఉంటుంది.

మేము తిరిగిన చోట్లలో మొదటిది హార్బర్‌ను కాపాడే రాతి గోడ, అదే బ్రేక్‌వాటర్. చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు. కానీ నడవడానికి చదునైన దారి ఉంది, లోపలి వైపు గాలి, అలలు తక్కువ, గోడ పక్కనే లోతు ఉంది. లూర్‌ను దూరంగా విసరాల్సిన పనే లేదు. చేపలు ఆ రాళ్ల సందుల్లోనే కాపురం ఉంటాయి కాబట్టి కాళ్ల కిందికి జారవిడిస్తే చాలు. చిక్కల్లా ఒక్కటే, ఆ సందులు జిగ్‌హెడ్‌లను (తల దగ్గర బరువున్న గాలాలను) మింగేస్తాయి. పెద్ద బండల మీదికి దిగకుండా దారి మీద నుంచే వేయగలిగితే మొదటిరోజుకు ఇంతకన్నా మంచి చోటు లేదు. పడవలు వచ్చిపోయే వైపు మాత్రం వద్దు.

రెండోది నేరుగా సముద్రం వైపు చొచ్చుకొచ్చిన బండ. ఫొటోల్లో అందరూ నిలబడేది ఇక్కడే. ముందు నీలంగా లోతు, కింద నురగ, పెద్ద చేప పడుతుందన్న ఆశ. నా మాట అడిగితే కొత్తవాళ్లు ఇక్కడికి గైడ్ లేకుండా రాకూడదు. సముద్రం ప్రశాంతంగా కనిపిస్తూనే ఉంటుంది, చాలాసేపటికి ఒకసారి నాలుగైదు పెద్ద అలలు వరసగా వస్తాయి. అందుకే బండ ఎక్కే ముందు కనీసం 20 నిమిషాలు ఊరికే చూడాలి. తడిగా ఉన్న రాయి అంటే అల అక్కడిదాకా వచ్చిందని లెక్క. నల్లగా పాకుడు పట్టి ఉంటే తరచూ వస్తోందని లెక్క. వీపు సముద్రానికి పెట్టి లూర్ మార్చుకోకూడదు. లైఫ్‌జాకెట్ లేకపోతే ఈ చోటు వదిలేయండి.

నాకు బాగా నచ్చింది మూడోది, చిన్న కోవ, అంటే ఒడ్డు లోపలికి వంగిన చోటు. ఆటు పూర్తయ్యేసరికి రాళ్ల మధ్య మడుగులు బయటపడతాయి. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే నీటి మెరుపు పోయి అడుగు కనిపిస్తుంది. నాచు పక్కన అంగుళన్నర రబ్బరు పురుగును దించి అలా వదిలేశాను. రాయి కింద నుంచి ముందు రెండు కళ్లు కనిపించాయి, తర్వాత బొటనవేలంత తల. ఆ చేప వచ్చి పురుగును చూసింది, వెనక్కి తగ్గింది. నేను రాడ్ కొసను ఒక్క అంగుళం లేపి ఆపాను. అంతే, గభాలున నోట్లో వేసుకుంది. లూర్ కదిలినప్పుడు కాదు, ఆగినప్పుడు కొరుకుతుందన్న సంగతి ఎంతమంది చెప్పినా నాకు ఎక్కలేదు. అక్కడ కళ్లతో చూశాకే ఎక్కింది. తర్వాత లోతు నీళ్లలో వేసినా అదే పద్ధతి: అడుగు తగలనివ్వడం, జానెడు లేపడం, ఆపడం. కోవతో ఉన్న ప్రమాదం వేరు. ముందు నీరు చూస్తూ ఉంటే, వెనకున్న పల్లపు దారి మునిగిపోతుంది. పోటు మొదలవగానే తిరిగొచ్చేయాలి, చేపలు బాగా పడుతున్నా సరే.

సామాను సంగతికి వస్తే, ఈ ఆట అంతా తేలికదనంలోనే ఉంది. జపాన్‌లో అజి, మెబారు లాంటి చిన్న చేపల కోసం సన్నటి రాడ్లు, గ్రాముల లెక్కన బరువుండే లూర్‌లు వాడతారు. బ్రిటన్‌లో ఇలాంటి పద్ధతినే లైట్ రాక్ ఫిషింగ్, పొట్టిగా ఎల్‌ఆర్‌ఎఫ్ అంటారు. సుమారు 7 అడుగుల రాడ్, దాని మీద విసరగలిగే లూర్ బరువు 0.5–7 గ్రాములనో, 10 గ్రాముల లోపనో రాసి ఉండాలి. 1000 లేదా 2000 సైజు రీల్, 6 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ లైన్ (పోగులు అల్లిన దారం), దాని చివర మీటరు పొడవున ఫ్లోరోకార్బన్ లీడర్ (రాపిడికి ఓర్చే దారం ముక్క). బ్రెయిడ్ సాగదు కాబట్టి చిన్న తాకిడి కూడా వేలికి తెలుస్తుంది. కానీ రాళ్లకు అంటుకున్న పదునైన గుల్లలు తగిలితే ఇట్టే తెగుతుంది, అందుకే లీడర్. 1 నుంచి 3 గ్రాముల జిగ్‌హెడ్‌లు, 2 అంగుళాల లోపు సాఫ్ట్ ప్లాస్టిక్‌లు (మెత్తటి రబ్బరు ఎరలు) ఉంటే మొదటి ట్రిప్ గడిచిపోతుంది. రంగుల గురించి అంత టెన్షన్ అక్కర్లేదు.

అద్దె సామాను దగ్గరే మాకు చిర్రెత్తింది. లైట్ అని రాసి ఇచ్చిన రాడ్ నిజానికి 30 గ్రాముల బరువులు విసరడానికి చేసింది. దాంతో 2 గ్రాముల జిగ్‌హెడ్ వేస్తే కాళ్ల దగ్గరే పడింది, చేప తాకినా చేతికి తెలియలేదు. అద్దెకు తీసుకునేటప్పుడు మాట నమ్మకండి, రాడ్ మీద అచ్చేసిన గ్రాములు చదవండి. రాడ్, రీల్ కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం. లైఫ్‌జాకెట్, మేకుల అడుగున్న బూట్లు మాత్రం అద్దెకు బాగానే దొరికాయి.

గైడ్లు ఇద్దరు. ఒకాయన రోజూ తొమ్మిదింటికే అన్నాడు. పోటు ఎప్పుడని అడిగితే, "అదంతా మేం చూసుకుంటాం సార్" అన్నాడు. వెళ్లేసరికి నీరు అట్టడుగున, కదలిక లేకుండా ఉంది. చేపలు పడటం సరే, లూర్ వేయడానికే నీళ్లు లేవు. ఇంకొకాయన ముందు రోజు రాత్రే ఫోన్ చేసి, "రేపు ఐదున్నరకి, పోటు ఎక్కుతుండగా వెళ్దామండీ" అన్నాడు. కలవగానే, "ముందు మీ బూట్ల అడుగు చూపించండి" అని తిప్పి చూశాడు. రాడ్ చేతికి ఇవ్వకముందే సముద్రం చూపించి, అల ఎక్కడిదాకా వస్తుందో మాతోనే చెప్పించాడు. గాలం కొసనున్న చిన్న ముల్లును ప్లయర్స్‌తో నొక్కేయించాడు, చేపను విప్పి వదలడం తేలికవుతుందని. ఏ సైజు చేపను ఉంచుకోవచ్చో, ఎక్కడ పట్టకూడదో అడగకుండానే చెప్పాడు.

ఆయన చెప్పినవాటిలో కొత్తవాళ్లకు తప్పక పనికొచ్చేది ముళ్ల చేపల సంగతి. రాళ్ల రంగులోనే ఉండే స్కార్పియన్ చేపల వీపు ముళ్లలో విషం ఉంటుంది. పేరు తెలియని చేపను చేత్తో పట్టకుండా గ్రిప్‌తో (చేపను పట్టుకునే పటకారుతో) పట్టి, ప్లయర్స్‌తో గాలం తీయాలి. ముల్లు దిగితే కాలకుండా భరించగలిగినంత వేడి నీళ్లలో చెయ్యి ఉంచి, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఆ విషం వేడికి విరుగుతుంది.

ఇక బస. ముందు దిగింది కొండ మీద, బాల్కనీ నుంచి సముద్రమంతా కనిపించే గదిలో. ఫ్యామిలీతో వచ్చేవాళ్లకు బాగుంటుంది, మర్యాదలోనూ లోటు లేదు. కానీ గేటు ఏడింటిదాకా తీయరు, నీళ్ల దగ్గరికి వెళ్లాలంటే బోలెడు మెట్లు. తెల్లవారుజామున పోటు ఉన్న రోజున దాన్ని బాల్కనీలో నిలబడి చూడాల్సి వచ్చింది. తర్వాత మారింది హార్బర్ వెనక సాదా గదికి. కిటికీ తీస్తే ఎదురింటి గోడ. అయితే తాళంచెవి మన చేతిలోనే ఉంటుంది, బ్రేక్‌వాటర్ నడక దూరం, బయట కుళాయి ఉంది. ఆ కుళాయి చిన్న సౌకర్యమేమీ కాదు. ఉప్పు రీల్‌ను తినేస్తుంది. వచ్చిన వెంటనే డ్రాగ్ (దారం జారే బిగువును సరిచేసే మర) బిగించి, సన్నటి ధారతో మంచినీళ్లు పోసి, ఆరాక డ్రాగ్ వదులు చేయాలి. వాడిన జిగ్‌హెడ్‌లను కొత్తవాటితో ఒకే డబ్బాలో పెడితే అన్నీ కలిసి తుప్పు పడతాయి.

ఈసారి వెళితే హార్బర్ గదే తీసుకుంటాను. ఐదున్నరకి రమ్మన్న గైడ్‌ను మళ్లీ పిలుస్తాను, అది కూడా బండ ఎక్కే రోజుకు మాత్రమే. బ్రేక్‌వాటర్‌కు ఆటుపోట్ల పట్టిక, హెడ్‌ల్యాంప్, తోడుగా ఒక మనిషి ఉంటే సరిపోతుంది.