కాసినోలో కామెడీ షో: సెంట్లతో సహా లెక్క

ముందు ఖర్చు రాసేస్తాను. ముప్పై రెండేళ్లు బ్యాంకు క్యాష్ కౌంటర్లో కూర్చున్నదాన్ని, అది తేలకపోతే మిగతాది రాయలేను. టిక్కెట్టు 35 డాలర్లు, ఇద్దరికి 70. దాని మీద సర్వీసు చార్జీ మనిషికి ఏడున్నర చొప్పున 15. లోపల తిన్నదీ తాగినదీ కలిపి 41. పన్ను 3 డాలర్ల 1 సెంటు. మమ్మల్ని అడగకుండానే బిల్లులో కలిపేసిన టిప్పు 8 డాలర్ల 20 సెంట్లు. జూదంలో పోయింది 8 డాలర్ల 60 సెంట్లు. మొత్తం 145 డాలర్ల 81 సెంట్లు. కారు పెట్టుకున్నందుకు మాత్రం ఏమీ తీసుకోలేదు.

మా అబ్బాయీ కోడలూ కనెక్టికట్‌లోని రాకీ హిల్‌లో ఉంటారు. ఆరు నెలలకని వచ్చిన మాలాంటి తల్లిదండ్రులకు ఇక్కడ శనివారమంటే పొద్దున మిడిల్‌టౌన్ సత్యనారాయణస్వామి గుడి, సాయంత్రం సరుకుల దుకాణం. ఈ టిక్కెట్లు నిజానికి వాళ్లిద్దరి కోసం కొనుక్కున్నవి. మధ్యాహ్నం మావాడి ఆఫీసులో సర్వర్లు ఏవో పడిపోయాయి. టిక్కెట్లు వెనక్కి తీసుకోరట. మా వారు మనవడి దగ్గర ఉంటానన్నారు. "అత్తయ్యా, మీరు రండి" అంది కోడలు. నేనేమో కాకినాడలో అష్టావధానాలూ హరికథలూ చూసినదాన్ని గానీ, ఒక మనిషి మైకు పట్టుకుని నిలబడి ఇంట్లో సంగతులు చెప్పి నవ్వించే ప్రదర్శనకు ఎన్నడూ వెళ్లలేదు. కాసినో గడప అసలే తొక్కలేదు. డబ్బు వృథా అవుతుందన్న ఒక్క మాటతో చీర మార్చుకున్నాను.

తూర్పు కనెక్టికట్ అడవుల్లో దగ్గర దగ్గరగా రెండు పెద్ద కాసినో రిసార్టులున్నాయి. రెండూ అక్కడి ఆదివాసీ తెగలవే. మషంటకెట్ పీక్వాట్ తెగవారు 1986లో బింగో హాలుతో మొదలుపెట్టి 1992లో ఫాక్స్‌వుడ్స్ కాసినో తెరిచారు. మొహీగన్ తెగవారి మొహీగన్ సన్ 1996లో వచ్చింది. ఆదివాసీల సొంత నేలల మీద జూదశాలలకు దారి చూపిన కేంద్ర చట్టం 1988 నాటిది. స్లాట్ మెషీన్లనే జూదం యంత్రాల ఆదాయంలో నాలుగోవంతు రాష్ట్రానికి ఇచ్చేలా ఒప్పందం. దారి పొడుగునా కోడలు ఇవన్నీ చెబుతుంటే, ఈ తెగల పెద్దల్లో ఎవరో గట్టి బ్యాంకు మేనేజరు లాంటి మనిషి ఉండి ఉంటారనుకున్నాను. హాస్య ప్రదర్శనలు రెండు చోట్లా జరుగుతాయి. మేం వెళ్లింది ఎక్కడికో రాయను. ఒక్క రాత్రి చూసి ఒక సంస్థ పేరు మీద రిమార్కు రాయడం నాకు అలవాటు లేదు.

హైవే దాటాక చాలాసేపు చెట్లే. ఆ చీకట్లోంచి ఉన్నట్టుండి అద్దాల మేడ వెలుగుతూ లేస్తుంది. కామెడీ క్లబ్బుకు సరాసరి దారి లేదు. ఎగ్జిబిషన్లో దుకాణాలన్నీ దాటితేగానీ జెయింట్ వీల్ దొరకనట్టు, కాసినో అంతా నడిచి వెళ్లాలి. గోడ గడియారం ఒక్కటీ కనిపించలేదు. నాకు ఆశ్చర్యమనిపించింది చప్పుడు. నాణేలు గలగలా రాలుతున్నట్టు నాలుగు దిక్కులా మోత, తీరా చూస్తే ఎక్కడా ఒక్క నాణెం లేదు. మెషీన్లో నోటు పెడతారు, ఆట చాలించాక అది ఒక కాగితం చీటీ ఇస్తుంది. ఆ గలగల ఉత్త రికార్డింగు. చిల్లర మూటలు బల్ల మీద కుమ్మరించి లెక్కపెట్టిన చెవులు నావి, అసలుకీ నకలుకీ తేడా పట్టేశాయి.

కోడలు ఇరవై డాలర్ల నోటు నా చేతిలో పెట్టింది. "సరదాకి అత్తయ్యా, పోతే పోయింది." పోతే పోయింది అన్న మాట నా ముందు అనకూడదని ఆ పిల్లకు ఇంకా తెలియదు. పది నిమిషాల్లో 8 డాలర్ల 60 సెంట్లు పోయాయి. లేచిపోయాను. చీటీ తీసుకెళ్లి డబ్బులిచ్చే యంత్రంలో పెడితే పదకొండు డాలర్లు ఇచ్చి, మిగిలిన 40 సెంట్లకు ఇంకో చీటీ ఇచ్చింది. చిల్లర కావాలంటే క్యాషియరు దగ్గరికి వెళ్లాలట. అక్కడ చాంతాడంత వరస. ఎంతమంది ఆ చీటీని చెత్తబుట్టలో వేస్తారో, రోజుకు అది ఎంతవుతుందో మనసులోనే గుణించుకుంటూ దాన్ని పర్సులో పెట్టాను.

క్లబ్బు గుమ్మం దగ్గర వయసు రుజువు అడిగారు. అరవై నాలుగేళ్లదాన్ని, జుట్టుకు రంగు కూడా వేయను. అందరినీ అడగాలని నియమమట. పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి. శాలువా కూడా తెచ్చుకోండి, లోపల చలికి పళ్లు టకటకలాడాయి. రెండు వందల మంది పట్టే గది. పైకప్పు కిందికి ఉంటుంది, బల్లలు పళ్లెమంత. మొదట ఇరుకనుకున్నాను గానీ, షో మొదలయ్యాక తెలిసింది: ఒక మూల పుట్టిన నవ్వు పైకి పోయే చోటు లేక అందరి మీదా పడుతుంది. టిక్కెట్టు మీద సీటు నంబరు లేదు. ముందొచ్చినవాళ్లను ముందు కూర్చోబెడతారు. నా అలవాటు కొద్దీ ముప్పావుగంట ముందే వెళ్లాం కాబట్టి మొదటి వరస దక్కింది. అది బహుమానం కాదని తర్వాత అర్థమైంది.

మనిషికి రెండు వస్తువులు తప్పకుండా కొనాలని షరతు. మేం రెండు క్రాన్‌బెర్రీ రసాలు, ఒక ఫ్రెంచ్ ఫ్రైస్, ఒక చిన్న పిజ్జా చెప్పాం. పిజ్జా సంగతి వదిలేయండి. ఫ్రైస్ వేడిగా, కరకరలాడుతూ బాగున్నాయి.

ఇక ప్రదర్శన. ముగ్గురుంటారు. మొదటివాడు పది నిమిషాలు గదిని వేడెక్కిస్తాడు, రెండో మనిషికి ఇరవై అయిదు నిమిషాలు, పోస్టరు మీద బొమ్మ ఉన్న పెద్దమనిషికి యాభై. మొదటి కుర్రాడు వస్తూనే బేస్‌బాల్ జట్ల పేరుతో హాలును రెండుగా చీల్చాడు. కనెక్టికట్‌లో సగం న్యూయార్క్ జట్టు వైపు, సగం బోస్టన్ వైపు ఉంటారట. నాకేమీ అర్థం కాలేదు. కోడలు చెవిలో తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. ఆమె ముగించేసరికి హాలు రెండు జోకులు ముందుకు వెళ్లిపోయింది. "వద్దమ్మా, అర్థమైనంత చాలు" అన్నాను.

అంతలో ఆ కుర్రాడు నా వైపు తిరిగాడు. ఏ ఊరన్నాడు. కాకినాడ అన్నాను. పక్కన ఎవరన్నాడు. కోడలన్నాను. హాలంతా "ఓ" అంది, అత్తాకోడళ్లంటే ఇక్కడా అదే తంతు కాబోలు. కాసినోలో గెలిచారా, పోయిందా అని అడిగాడు.

"8 డాలర్ల 60 సెంట్లు పోయాయి."

గది దద్దరిల్లింది. నేను హాస్యానికి అనలేదు. లెక్క అడిగాడు, చెప్పాను. "ఈ భవనంలో నిజం చెప్పిన మొదటి మనిషి దొరికింది, అదీ సెంట్లతో సహా" అన్నాడు వాడు. మళ్లీ నవ్వు. పక్కన తెర దగ్గర ముప్పై అయిదేళ్ల అమ్మాయి ఒకతె చిన్న పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. నా వైపు చూసి ఏదో రాసుకుంది. ఎవరో సిబ్బంది అనుకున్నాను.

ఆమే రెండో కమెడియన్. ఈ సమీక్ష రాస్తున్నది ఆమె కోసమే. మైకు అందుకుంటూనే నా మాటలోంచే మొదలుపెట్టింది. "మా నాన్న ఇరవై ఏళ్లుగా కాసినోలకు వెళ్తున్నాడు. ఎప్పుడడిగినా లాభమూ లేదు, నష్టమూ లేదు అంటాడు. మా ఇల్లు అమ్మిన రోజు కూడా అదే అన్నాడు." నవ్వుతూ నవ్వుతూనే నాకు లోపల ఎక్కడో కలుక్కుమంది. పెళ్లాం గాజులు తాకట్టు పెట్టడానికి వచ్చి, వ్యవసాయానికని రాయించే మగవాళ్లు ఎంతమందిని చూడలేదు నేను! ఆమె గొంతు పెంచదు, గెంతదు. ఒక మాట అని ఆగుతుంది. నవ్వు తగ్గడం మొదలయ్యాక, పూర్తిగా ఆగకముందే, తర్వాతి మాట వేస్తుంది. నోట్ల కట్ట విసురుగా లెక్కపెట్టే చేతికి ఉండే లయ అది. మధ్యలో పడకగది సంగతులు కొన్ని వచ్చాయి. అప్పుడు మేం అత్తాకోడళ్లిద్దరం ఒకే ప్లేటులోని ఫ్రెంచ్ ఫ్రైస్‌ను మహా శ్రద్ధగా పరిశీలించాం.

ఆమె ముగింపు చెప్పి తీరాలి. నాన్న ఈ వయసులో మళ్లీ పెళ్లంటున్నాడట. "ఎలాంటి ఆవిడ కావాలి నాన్నా అని అడిగాను. అందం అక్కర్లేదన్నాడు. డబ్బు అక్కర్లేదన్నాడు. రాత్రి ఇంటికి వచ్చాక, ఈరోజు ఎంత పోయిందీ అని అడిగితే..." అక్కడ ఆగి, చెయ్యి నా వైపు చాచింది.

హాలు మొత్తం ఒక్క గొంతుతో అరిచింది: "8 డాలర్ల 60 సెంట్లు!"

ముప్పై రెండేళ్లలో ఏ ఆడిటరూ నా లెక్కను అంత సంతోషంగా చదవలేదు. కోడలు కళ్లు తుడుచుకుంటోంది. నాకు మాత్రం అవధానం గుర్తొచ్చింది. చివర్లో ధారణ ఉంటుంది కదా, పృచ్ఛకులు అడిగినవన్నీ, మధ్యమధ్య కొట్టిన గంటలతో సహా, అవధాని వరసగా అప్పజెప్తాడు. పద్యం అర్థం కానివాళ్లు కూడా అప్పుడు చప్పట్లు కొడతారు. మనం విసిరింది ఆయన జారవిడవలేదన్న ఆనందం అది. ఈ అమ్మాయి చేసింది అచ్చంగా ధారణే.

పోస్టరు పెద్దమనిషి వచ్చేసరికి ఆ వేడి సగం చల్లారింది. చెడ్డవాడనను. వినికిడి యంత్రం కొనిపెడితే, దాన్ని ఆపడమెలాగో అన్నిటికన్నా ముందు నేర్చుకున్న తండ్రి గురించి పావుగంట చెప్పాడు, కడుపు పట్టుకుని నవ్వాను. కానీ ఆయన ముందు ఇద్దరినీ విననే లేదు. లోపలెక్కడో కూర్చుని తన వంతుకు వచ్చాడు. వచ్చి నన్నే మళ్లీ ఏ ఊరని అడిగాడు. వెనక జనంలో గుసగుస, కొందరు "8 డాలర్ల 60" అని అందించారు కూడా. ఆయనకు అర్థం కాలేదు. ఇండియా అనగానే కాల్ సెంటరు యాస పెట్టి ఏదో చేశాడు. కోడలు బిగుసుకుపోయింది. నాకు కోపం రాలేదు. 2016 నోట్ల రద్దు గడువు దాటాక ఎవరైనా పాత అయిదు వందల నోటు తెచ్చి ఇస్తే ఎలా చూసేదాన్నో అలా చూశాను.

తర్వాత వెనక బల్ల దగ్గర తాగినవాడొకడు అరవడం మొదలుపెట్టాడు. అవధానంలో ఇలాంటి మనిషికి అప్రస్తుత ప్రసంగం అని పేరుపెట్టి వేదిక మీదే కుర్చీ వేస్తాం. అడ్డంగా అడగడమే వాడి పని, దాన్ని నవ్వుగా మార్చడం అవధాని పని. ఈయన వాడి బట్టతల మీద నాలుగు బూతులు విసిరి ఊరుకున్నాడు. బూతులంటే గుర్తొచ్చింది, ఘంటానాదం లెక్కపెట్టినట్టు వాటిని వేళ్ల మీద లెక్కపెడుతూ వచ్చాను, నలభై దాటాక మానేశాను. పిల్లలతో వెళ్లేది కాదు. కొత్త కోడలితో వెళ్లేదీ కాదు.

ఇంకొక తప్పు ఆయనది కాదు, క్లబ్బుది. ఆఖరి పావుగంటలో, మంచి కథ నడుస్తుండగా, బల్లబల్లకూ బిల్లులు పంచారు. అందరూ ఫోను వెలుతురులో తలలు దించి కూడికలు చేసుకుంటున్నారు. నవ్వు టపీమని పడిపోయింది. పాపం, ఎంతటివాడైనా ఆ సమయంలో ఏం చేస్తాడు? ఆ బిల్లులోనే టిప్పు 20 శాతం ముందే కలిపి ఉంది. కింద మళ్లీ 'టిప్పు' అని ఖాళీ గీత. చూసుకోనివాళ్లు రెండుసార్లు ఇస్తారు. కోడలు పెన్ను తీసింది, నేను చెయ్యి పట్టుకున్నాను.

మళ్లీ వెళ్తానా అంటే వెళ్తాను. మూడో వరసలో పక్కకు కూర్చుంటాను, పోస్టరు మీద చిన్న అక్షరాల్లో ఎవరి పేరుందో చూసి టిక్కెట్టు కొంటాను.

బయటికి వచ్చేసరికి రాత్రి పదిన్నర. గడియారం నాదే. కోడలు కారు తాళాలు తీస్తుంటే, ఒక్క నిమిషం అని క్యాషియరు వైపు నడిచాను. "40 సెంట్ల కోసమా అత్తయ్యా?" అంది గానీ ఆపలేదు, వెంటే వచ్చింది. వరస తగ్గింది. ఊచల వెనక నా వయసు ఆవిడే కూర్చుని ఉంది. చీటీ చూసి నవ్వలేదు, విసుక్కోలేదు. పాతిక సెంట్ల నాణెం ఒకటి, పది ఒకటి, అయిదు ఒకటి, విడివిడిగా బల్ల మీద పేర్చింది. ఆపైన రెండు అరచేతులూ వెల్లకిలా తిప్పి, పైన కెమెరాకు చూపించింది. మాకు ఆ పద్ధతి లేదు గానీ, ఉంటే బాగుండేదనిపించిన రోజులు చాలా ఉన్నాయి.

వెనక ఎవరూ లేరు కాబట్టి, కౌంటరు వదలకుండానే మూడు నాణేలూ లెక్కపెట్టుకున్నాను. ఆవిడ ముగించేదాకా చూసి, తలాడించింది.