జేక్యూలో మైనస్ గుర్తు: ఆరేళ్లు వాడాక

జేసన్ (డేటాను టెక్స్ట్‌గా రాసే ఒక పద్ధతి) ఫైళ్లను కమాండ్ లైన్‌లో వడగట్టడానికి జేక్యూను మించింది నాకు దొరకలేదు. స్టీఫెన్ డోలన్ రాసిన ఈ చిన్న ప్రోగ్రామ్ 2012 నుంచి ఉంది. ఆరేళ్లుగా రోజూ వాడుతున్నాను. అందులో నాకు బాగా అక్కరకొచ్చిందీ, ఒకసారి పరువు తీసిందీ ఒకటే: మైనస్ గుర్తు.

అంకెల తీసివేత కోసం దాన్ని వాడేది తక్కువే. దాని అసలు పనితనం జాబితాల్లో కనిపిస్తుంది. నిన్నటి ఆర్డర్ల నంబర్లు ఒక జాబితా, ఇవాళ్టివి ఇంకొకటి. ఇవాళ్టి దాంట్లోంచి నిన్నటిది తీసేస్తే కొత్త ఆర్డర్లు మిగులుతాయి. అటుదిటు చేస్తే మాయమైనవి బయటపడతాయి. లూపు రాయనక్కర్లేదు, వరుసలో పేర్చనక్కర్లేదు. అయితే [1, 1, 2] - [1] అని రాస్తే మిగిలేది [2] మాత్రమే. ఒకట్లు ఎన్ని ఉన్నా అన్నీ పోతాయి కాబట్టి సరుకు లెక్కలకు ఇది పనికిరాదు.

ఇక పరువు సంగతి. ఒక ఉదయం పాత ఆర్డర్లన్నీ కొత్తవిగా తేలాయి. నేను చూసుకోకుండా ఆ జాబితాను అందరికీ మెయిల్ చేశాను. తీరా చూస్తే ఒక ఫైల్లో 1042, రెండో దాంట్లో "1042". ఒకటి సంఖ్య, మరొకటి స్ట్రింగ్, అంటే కొటేషన్లలో ఉన్న అక్షరాల వరుస. జేక్యూ దృష్టిలో రెండూ వేరు, అందుకే ఒక్కటీ తీయలేదు. దాన్ని తప్పు పట్టను, కానీ ఒక్క హెచ్చరికైనా చేయకుండా జాబితాను ఉన్నదున్నట్టు చేతిలో పెట్టింది. అప్పటి నుంచి రెండు జాబితాల్లోని ప్రతి విలువనూ ముందు టుస్ట్రింగ్ అనే ఫంక్షన్‌తో స్ట్రింగ్‌గా మార్చాకే తీసివేస్తున్నాను.

విచిత్రమేమిటంటే విడి విలువల దగ్గర ఇదే గుర్తు మహా గట్టిది. ధరలోంచి తగ్గింపు తీసేటప్పుడు తగ్గింపు నల్ (ఖాళీ విలువ) అయితే, తీసివేయడం కుదరదని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ప్లస్ అయితే నల్‌ను పట్టించుకోకుండా అవతలి విలువనే ఇచ్చేస్తుంది. మొదట్లో విసుక్కున్నాను. ఇప్పుడు తగ్గింపు పక్కన // 0 (నల్ అయితే సున్నా అనుకో అని) చేర్చి, బ్రాకెట్లలో పెట్టేస్తున్నాను.

మధ్యలో హైఫన్ ఉన్న కీతోనూ (జేసన్‌లో విలువకు పెట్టే పేరు) జాగ్రత్త. కొటేషన్లలో పెట్టకపోతే ఆ హైఫన్‌ను కూడా తీసివేతగానే చదువుతుంది.

పెద్ద జాబితాలకు మాత్రం నేను సిఫారసు చేయను. మొదటి జాబితాలోని ప్రతి విలువనూ రెండో జాబితాలో మొదటి నుంచి వెతుకుతుంది. రెండు వైపులా లక్షేసి ఉండి ఒక్కటీ కలవకపోతే వెయ్యి కోట్ల పోలికలు. అలాంటప్పుడు రెండో జాబితాను ఆబ్జెక్టుగా (కీ, విలువ జంటలుగా) మార్చి, కీ ఉందో లేదో చూడడమే మేలు.

తీసివేతకు ముందు, తర్వాత జాబితాలో ఎన్ని ఉన్నాయో నా స్క్రిప్టు ఇప్పటికీ ప్రింట్ చేస్తుంది. రెండు అంకెలూ ఒకటే అయితే, మెయిల్ పంపకుండా ఫైలు తెరిచి కొటేషన్ల కోసం వెతుకుతాను.