గ్రుయేర్ చీజ్ డెయిరీ: పొద్దున్నే వెళ్తేనే అసలు పని కనిపిస్తుంది

స్విట్జర్లాండ్ ఫ్రిబూర్ కాంటన్‌లోని గ్రుయేర్ జనాభా 2,000 పైచిలుకే. ఊరిని ఏలిన కౌంట్లలో (జమీందారు ప్రభువుల్లో) చివరివాడు మిషెల్ 1554లో దివాలా తీస్తే, అతని భూములను అప్పులిచ్చిన ఫ్రిబూర్, బెర్న్ నగరాలు పంచుకున్నాయి. ఇప్పుడు ఊరికి ఆధారం చీజ్, పర్యాటకులు.

ఊరి కొండ కిందున్న ప్రింజీలో రైల్వే స్టేషన్ ఎదురుగానే ఉన్న 'మేజోన్ దు గ్రుయేర్' డెయిరీ తప్పక చూడాల్సినది. తయారీ ఉదయం పూటే చూడండి. ఆలస్యమైతే కడిగిన రాగి తొట్లే మిగులుతాయి. అద్దాల వెనక పచ్చిపాలు తోడుకోవడం, గడ్డను గోధుమ గింజంత ముక్కలుగా కోయడం, 57 డిగ్రీల దాకా వేడిచేయడం అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. సుమారు 35 కిలోల చీజ్ చక్రానికి 400 లీటర్ల పాలు పడతాయి. ఆవులకు సైలేజీ (పులియబెట్టి నిల్వచేసిన పచ్చిమేత) పెట్టకూడదన్నది నియమం. పెడితే అందులోని బ్యాక్టీరియా వల్ల మాగేటప్పుడు చీజ్ ఉబ్బి పగులుతుంది.

శాకాహారులు గమనించాలి: పాలు తోడుపెట్టేది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ అనే ఎంజైముతోనే. ఈ మాట బోర్డు మీద పెద్దక్షరాల్లో ఉండాలి.

కొనేటప్పుడు 6 నెలలది, ఏడాది దాటినది పక్కపక్కన రుచి చూడండి. ముదురుదానిలో పంటికింద కరకరలాడేది ఉప్పు కాదు, అమైనో ఆమ్లాల స్ఫటికాలు. మాకైతే అదే నచ్చింది.