మూన్‌పై, ఆర్‌సీ కోలా కోసం బెల్ బకిల్ దాకా

ఆవకాయ వాసన వచ్చిందని మోటెల్‌లో మా దగ్గర 50 డాలర్లు పట్టుకున్నారు. ఆ బాధ ఇంకా తీరలేదు కాబట్టి ముందు అదే చెబుతాను.

అక్టోబర్ రెండో వారంలో అట్లాంటా దగ్గర మా ఇంటి నుంచి టెనెసీ రాష్ట్రంలోని చట్టనూగాకి రెండు రోజుల ట్రిప్ వేశాం. నేను, మావారు, తొమ్మిదేళ్ల బాబు, ఏలూరు నుంచి వచ్చిన మా మావయ్యగారు. రెండు గంటల డ్రైవ్. మొదటి రోజు లుకౌట్ మౌంటెన్, నది మీద పాత నడక వంతెన చూశాం, అన్నీ బాగున్నాయి. సాయంత్రం మోటెల్‌కి చేరేసరికి కథ మారింది.

గది అద్దె 89 డాలర్లు, పన్నులతో 104 అయింది. మావయ్యగారికి మోకాళ్ల నొప్పులు, కింది అంతస్తులో గది కావాలని బుక్ చేసేటప్పుడే రాశాను. పై అంతస్తులో ఇచ్చారు. లిఫ్ట్ లేదు. కౌంటర్‌లో అబ్బాయి తలెత్తి కూడా చూడలేదు. ఆయన రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే మావారి మొహం చూడలేకపోయాను. రాత్రి ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, పెరుగన్నం, ఆవకాయ తిన్నాం. పొద్దున్న ఖాళీ చేసేటప్పుడు, గదిలో వంట వాసన ఉంది, శుభ్రం చేయడానికి 50 డాలర్లు అదనం అన్నారు. మేం వండలేదు, పొయ్యి లేని గదిలో ఎలా వండుతాం అని అరగంట వాదించినా లాభం లేకపోయింది. ముందే కార్డు మీద పట్టి ఉంచిన డిపాజిట్‌లోంచి తీసేసుకున్నారు.

అంతకంటే నన్ను బాధపెట్టింది మావయ్యగారి మాట. "నా మూలంగానే కదమ్మా, ఆవకాయ లేందే ముద్ద దిగదని నేనే తెమ్మన్నాను" అన్నారు. కారెక్కాక ఇంకేం మాట్లాడలేదు. మావారూ మాట్లాడలేదు. మీ వెంట పెద్దవాళ్లుంటే 40 డాలర్లు ఎక్కువైనా లిఫ్ట్ ఉన్న హోటలే తీసుకోండి. కింది అంతస్తు గది ఇస్తున్నారో లేదో బయల్దేరే ముందు ఫోన్ చేసి మరీ కనుక్కోండి.

నిజానికి అక్కడి నుంచి ఇంటికే వెళ్లిపోదామనుకున్నాం. బాబు ఊరుకోలేదు. వాళ్ల టీచర్ మూన్‌పై గురించి చెప్పిందట, తినాల్సిందే అన్నాడు. మూన్‌పై పుట్టింది చట్టనూగాలోనే. అక్కడి బేకరీ 1917 నుంచి చేస్తోంది. రెండు గుండ్రటి బిస్కెట్ల మధ్య మార్ష్‌మాలో పెట్టి, మొత్తాన్ని చాక్లెట్‌లో ముంచుతారు. కెంటకీ బొగ్గు గనుల్లో ఒక కార్మికుడు, కడుపు నిండేలా చందమామంత పెద్దది కావాలని చేతులతో చూపిస్తే తయారుచేశామని కంపెనీవాళ్లే చెప్పుకుంటారు. చట్టనూగాలోనే కొనచ్చు. కానీ దాన్ని ఆర్‌సీ కోలా అనే కూల్‌డ్రింకుతో కలిపి ఏటా జూన్‌లో పండగ చేసుకునే బెల్ బకిల్ అనే చిన్న ఊరు గంటన్నర దూరంలో ఉందని చదివి, అటే తిప్పాం. దారిలో టైమ్ జోన్ మారి గంట కలిసొస్తుంది.

ఊరంటే రైలు పట్టాలు, వాటికెదురుగా ఒకే వరసలో పాత ఇటుక దుకాణాలు. పార్కింగ్‌కి డబ్బులు లేవు. పండగ రోజుల్లో జనం విపరీతంగా ఉంటారట, పెద్దవాళ్లతో మామూలు రోజునే వెళ్లడం మంచిది. ఒక దుకాణంలో నాలుగు మూన్‌పైలు, మూడు ఆర్‌సీలు తీసుకున్నాం. మూన్‌పై 1.50, సీసా 2.25, పన్నుతో కలిపి 14 డాలర్ల లోపే.

చల్లగా తింటే నాకు నచ్చలేదు. బిస్కెట్ పొడిపొడిగా గొంతుకి అడ్డం పడింది. నా మొహం చూసి కౌంటర్ దగ్గరి పెద్దావిడ లేచి వచ్చింది. మావయ్యగారి మూన్‌పై తీసుకెళ్లి మైక్రోవేవ్‌లో సరిగ్గా పది సెకన్లు పెట్టింది. మార్ష్‌మాలో పూరీలా పొంగింది, చాక్లెట్ మెత్తబడింది. వేడివేడిగా ఒక ముక్క కొరికి, వెంటనే చల్లటి ఆర్‌సీ ఒక గుక్క తాగాలి. అప్పుడు తెలిసింది ఈ జత ఎందుకు కుదిరిందో. పది సెకన్లు దాటనివ్వకండి, కారిపోతుంది. శాకాహారులు మాత్రం కొనేముందు లేబుల్ చూసుకోవాలి, మార్ష్‌మాలోలో జెలటిన్ ఉంటుంది.

వాళ్ల నాన్న బట్టల మిల్లులో పనిచేసేవాడని ఆవిడ చెప్పింది. ఆ రోజుల్లో మూన్‌పై ఐదు సెంట్లు, ఆర్‌సీ ఐదు సెంట్లు. పది సెంట్లలో మధ్యాహ్నం గడిచిపోయేది. కోక్ సీసా 190 మిల్లీలీటర్లే ఉండే కాలంలో ఆర్‌సీవాళ్లు అదే ఐదు సెంట్లకి 355 మిల్లీలీటర్ల సీసా ఇచ్చారు. కూలీలకి అదే కావలసింది. ఆర్‌సీ పుట్టింది కూడా మా జార్జియా రాష్ట్రంలోనే, కొలంబస్ ఊళ్లో.

మిల్లు అనగానే మావయ్యగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఆయన 31 ఏళ్లు జూట్ మిల్లులో పనిచేశారు. "అమ్మాయ్, ఆవిడకి చెప్పు, మాకూ ఉండేది ఇలాంటిది" అన్నారు. షిఫ్ట్ దిగాక మిల్లు గేటు ఎదురుగా బండి దగ్గర మిరపకాయ బజ్జీలు, పక్కనే గోలీ సోడా. పావలాలో రెండూ అయిపోయేవట. ముక్కులోకీ గొంతులోకీ పోయిన జనపనార దుమ్ము ఆ సోడాతోనే దిగేదట. బొటనవేలితో గోలీని నొక్కినట్టు చూపించి, ఆ 'కీచ్' శబ్దం నోటితో చేసి వినిపించారు. ఆవిడ ఇంకోసారి చేయమంది, చేశారు. పత్తి దుమ్ము వాళ్ల నాన్న ఊపిరితిత్తుల్ని ఏం చేసిందో ఆవిడ చెబుతుంటే, అనువదించడానికి నా గొంతు పట్టేసింది. అంతలో గూడ్సు బండి ఒకటి దుకాణం అద్దాలు అదిరేలా వెళ్లింది. అది వెళ్లేదాకా ఇద్దరూ నవ్వుతూ ఆగారు. మైక్రోవేవ్‌లో పెట్టినందుకు డబ్బులివ్వబోతే ఆవిడ తీసుకోలేదు.

తిరుగు ప్రయాణంలో మావయ్యగారు దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నారు. మావారు పాటలు పెట్టారు. పన్నెండు మూన్‌పైల డబ్బా ఒకటి, 9 డాలర్లు, ఏలూరు పట్టుకెళ్తానని ఆయన తన సొంత డబ్బుతో కొన్నారు. మిల్లులో ఆయనతో పనిచేసిన వాళ్లు ఇంకా ఐదుగురు ఉన్నారట. ఆ రాత్రి ఫోన్‌లో అత్తయ్యగారు, మరి ఆ కోలా ఇక్కడెక్కడ దొరుకుతుందండీ అని అడిగారు.

"కోలా ఎందుకే, గోలీ సోడా కొట్టిస్తాను" అన్నారు.